ద్వీపయాత్రయు సముద్రగర్భ దర్శనమును

ద్వీపాంతరవాసమను మాటను ఒకప్పుడు మన యిండ్లలో పలుకుటకే వెఱచెడివారు. అండమాను పేరు విన్నంతనే తల్లులు కంట తడిపెట్టెడివారు. 1896లో మొదలిడి 1906 నాటికి ముగించిన సెల్యులర్ జైలులో దేశభక్తులెందఱో నూనెగానుగలు త్రిప్పిరి. నల్లనీటిని దాటినవాడు తిరిగి వచ్చునను ఆశ ఎవ్వరికిని ఉండెడిది కాదు. కాలము మాఱినది. నేడు ఆ ద్వీపములకే మన బందరు, గుడివాడ, అవనిగడ్డ వారు సంక్రాంతి సెలవులలోను వేసవి సెలవులలోను భార్యాబిడ్డలతో టిక్కెట్లు కొని పోవుచున్నారు. పోర్టుబ్లెయిరు పట్టణము 2024లో శ్రీవిజయపురమను పేరు దాల్చినది. చెఱసాల పుణ్యక్షేత్రమైనది. ఇది సంతోషింపదగిన మార్పే.

పోవువారు తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. నీటిలో తలయుంచి సముద్రగర్భమును చూచు వినోదమునకు ఏ ద్వీపము, ఏ రేవు మేలైనది? ఈ వినోదమును స్నార్కెలింగు అందురు. కన్నులకును ముక్కునకును కలిపి అద్దపు ముసుగు; నోటిలో కఱచిపట్టి పైగాలి పీల్చుకొనుటకొక వంపు గొట్టము; కాళ్లకు రబ్బరు రెక్కలు. ఇంతే సామగ్రి. నీటిపై బోరగిల తేలుచు క్రిందికి చూచుట ఇందలి విద్య. వట్టి కంటికి నీటిలో అంతయు మసకగా నుండును. కంటికిని నీటికిని నడుమ గాలిపొర యున్నపుడే చూపు నిలుచును. అందులకే అద్దము. ఆ అద్దములోనుండి చూచినపుడు ప్రతి వస్తువును ఉన్నదానికంటె దగ్గఱగను పెద్దదిగను తోచును. చేయి చాపినవానికి చేప అందదు.

ప్రశ్న చిన్నదే. అయినను దీనికి పడవవాడు చెప్పు సమాధానమొకటి, హోటలువాడు చెప్పునది యొకటి. మా సమాధానము వేఱు. చేపలెక్కువ కానవచ్చు చోటు ఉత్తమమని మేము చెప్పజాలము. ఏ చోట నియమము గట్టిగా నిలిచియున్నదో, ఏ చోట వచ్చినవారి సంఖ్యకును వారి కాలికిని చేతికిని హద్దు కలదో, ఆ చోటే ఉత్తమము. తక్కినవి నేడు ఉత్తమములైనను రేపు కావు. ఈ మాటను నిరూపింపవలసిన భారము మాపై నున్నది.

మొదట మన యింటి సంగతి చూతము. సముద్రము మనకు దగ్గఱలోనే యుండగా సముద్రమును చూచుటకు వేయి మైళ్లు పోనేల యని కొందఱడుగుచున్నారు. అవనిగడ్డ చేరువను పులిగడ్డ కడ కృష్ణ రెండు పాయలుగా చీలి దివిసీమను తన రెండు చేతుల నడుమ నుంచుకొని సముద్రమును చేరుచున్నది. కావున మన దివిసీమయు ఒక ద్వీపమే. హంసలదీవికి పోయి, పాలకాయతిప్ప దాటి, మాఘపూర్ణిమనాడు సంగమస్నానము చేయుటయు మనవారికి క్రొత్త కాదు. కాని ఆ నీటిలో ముసుగు ధరించి దిగినవానికి తన చేయి తనకే కానరాదు. కృష్ణ తెచ్చు ఒండ్రుమట్టి యంతయు అచ్చటనే కలియును. లోతు తక్కువగుటచే ప్రతి కెరటమును అడుగుమట్టిని లేపును. ఇది మన సముద్రపు లోపము కాదు. ఆ మట్టియే మనము నిలిచియున్న నేల. ఆ మట్టియే మన వరిచేలు. నదియే దివిసీమను కట్టినది. కట్టుచున్న పనివాని చేతులు మట్టితో నుండుట సహజము గదా.

నీరు అద్దమువలె నుండవలెనన్న పెద్దనదుల మట్టి కలియని చోటికి పోవలయును. పగడములకును అట్టి నీరే కావలయును. పగడమనగా రాయి యని మనలో పలువురు తలంతురు. అది రాయి కాదు. గుండుసూది తలకు కొంచెము హెచ్చుతగ్గులుగా నుండు మెత్తని జీవులు వేలకొలది చేరి, నీటిలోని సున్నమును గ్రహించి, తమ చుట్టును కట్టుకొన్న ఊరది. ఆ జీవుల యొడలిలో మఱింత సూక్ష్మమైన నాచు నివసించుచు, సూర్యరశ్మితో ఆహారము చేసి యింటి యజమానికి పెట్టును. యజమాని నాచునకు ఇల్లిచ్చును. పగడమునకు రంగు నిచ్చునదియు ఆ నాచే. సూర్యరశ్మి చొరని నీటిలో నాచు బ్రతుకదు. నాచు లేక పగడము బ్రతుకదు. బండలవంటి పగడములు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెరుగవు. కొన్ని అంతయు పెరుగవు. మనిషి తలయంత పగడమును కాలితో త్రొక్కి విఱుచుటకు ఒక నిమిషము చాలును. అది తిరిగి పెరుగుటకు త్రొక్కినవాని జీవితకాలములో సగము కావలయును. సముద్రపు అడుగున నూటికొక వంతు కూడ లేని ఈ పగడపు దిబ్బలను ఆశ్రయించి సముద్రజీవజాతులలో ఇంచుమించు నాలుగవ వంతు బ్రతుకుచున్నవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఇక చోటులను గూర్చి. మనవారికి అండమానులే మొదట స్ఫురించుటకు కారణము లేకపోలేదు. విశాఖపట్టణమునుండి ఓడలు పోవును, విమానములు కలవు. పోయినవారికి భాషతో చిక్కులేదు. 2011 జనగణన ప్రకారము ఆ ద్వీపములలో నూటికి పదుమువ్వురు తెలుగు మాతృభాషగా గలవారు. జంగ్లీఘాటు రేవున వలలు సవరించుకొను బెస్తవారిలో పెక్కురు శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి వలసపోయినవారి సంతతివారే. మనలను పడవలో తీసికొనిపోవువాడు మన మాటనే మాటలాడుట ఆ దూరదేశమున గొప్ప ఊరట.

శ్రీవిజయపురమునకు మిక్కిలి చేరువైనది నార్త్ బే. పాత ఇరువది రూపాయల నోటు వెనుక నున్న కొబ్బరిచెట్లును దీపస్తంభమును ఈ తీరపు దృశ్యమే. దగ్గఱగుటచే ఇచ్చట జనసమ్మర్దము హెచ్చు. ఒకే పూటలో ముగించుకొని పోవలెనను తొందరవారికి ఇది అనుకూలము. ఆ తొందరవలననే ఇచ్చటి అడుగు నలిగిపోవుచున్నది.

ఒకనాడు హావలాకు అనబడినది నేడు స్వరాజ్ ద్వీపము. ఇందలి ఎలిఫెంట్ బీచి స్నార్కెలింగునకు పేరొందినది. పడవమీద గాని అడవిదారిన నడచి గాని చేరవచ్చును. ఒడ్డునకు సమీపముననే, మొలబంటి నీరు దాటినంతనే దిబ్బలు మొదలగును. కావున క్రొత్తవారికి సులభము. 2004 డిసెంబరు 26నాటి సునామీ కూల్చిన మహావృక్షముల మోడులు ఆ తీరమున చాలకాలము సాక్ష్యము పలికినవి. అదే ద్వీపమందలి రాధానగర్ తీరము ఇసుకకును సూర్యాస్తమయమునకును ప్రసిద్ధము. పగడముల కొఱకు పోవువాడు అచ్చట నిరాశ చెందును. నీల్ అనబడిన షహీద్ ద్వీపమందు భరత్‌పూర్ తీరము లోతు తక్కువగల నిలుకడ నీటితో పిల్లలకును వృద్ధులకును అనుకూలమైనది. అచ్చటనే లక్ష్మణపురము కడ రాతివంతెన ప్రక్కన, ఆటు సమయమున నీరు తీసినపుడు, గుంటలలో నిలిచిన జీవములను ఒడలు తడియకుండనే చూడవచ్చును. ఈతరాని మనవంటి గుమాస్తాలకును వకీళ్లకును అది యొక వరము.

ఇవి యన్నియు ఒక యెత్తు, వండూరు కడనున్న మహాత్మాగాంధీ సముద్రజాతీయోద్యానము ఒక యెత్తు. 1983లో ఏర్పఱచిన ఈ యుద్యానములో పదునైదు ద్వీపములు కలవు. యాత్రికులకు తెఱచునవి ముఖ్యముగా రెండు, జాలీబాయ్, రెడ్‌స్కిన్. ఒకటి తెఱచినపుడు రెండవదానిని మూసియుంతురు. చల్లని నెలలలో జాలీబాయ్ వంతు. ప్లాస్టిక్ సంచిగాని సీసాగాని పడవనెక్కనీయరు. అనుమతి పత్రము లేనిదే ప్రయాణము లేదు. ద్వీపమున వసతి లేదు, వంట లేదు, అంగడి లేదు. పోయినవారిలో కొందఱు ఇవి యన్నియు కష్టములని సణుగుదురు. కాని అడుగు అద్దముగా గల పడవలోనుండి చూచినను, స్వయముగా దిగి చూచినను, నీటి నిర్మలతయు పగడపు వైవిధ్యమును అచ్చటనే హెచ్చని ఒప్పుకొనువారును వారే. కష్టమే సుఖమునకు కారణమైనదని గ్రహింపరు.

పడమటి సముద్రమున లక్షద్వీపములు కలవు. అవి అండమానులవలె మునిగిన కొండల శిఖరములు కావు. పగడపు జీవులు కట్టిన దీవులు. ముప్పదియాఱు ద్వీపములును కలిపి ముప్పదిరెండు చదరపు కిలోమీటర్ల నేల మాత్రమే. మన దివిసీమలో మూల కూడ కాదు. కద్మత్, బంగారం, అగత్తి, కవరత్తి మొదలైనవాని చుట్టును దిబ్బ గోడవలె నిలిచి కెరటముల నాపుచుండుటచే లోపల చెఱువువంటి నిశ్చలజలము ఏర్పడినది. స్నార్కెలింగు నేర్చుటకు ఇంతకంటె తగిన నీరు మన దేశమున లేదని మా అభిప్రాయము. కాని భారతీయులకును ముందుగా అనుమతి పత్రము కావలయును. కొచ్చినుండి ఓడ గాని విమానము గాని యెక్కవలయును.

అంత దూరము పోజాలనివారికి విశాఖ కలదు. ఋషికొండ, మంగమారిపేట ప్రాంతములందు ఈ విద్య నేర్పువారున్నారు. అచ్చటివి ముఖ్యముగా రాతిదిబ్బలు. అండమాను రంగులు ఆశింపరాదు. నీరు తేఱుకొనిన దినములను చూచుకొని పోవలయును. మన కోస్తాలో మొదటి పాఠమునకు అది చాలును.

ఇన్ని చోటులను పేర్కొని, నియమము గల చోటే ఉత్తమమని మేము తీర్పు చెప్పుటకు సాక్ష్యములు రెండు దిక్కులను కలవు. నియమము లేక చెడినదానికి మన పొరుగుననే మన్నారు సింధుశాఖ సాక్ష్యము. రామేశ్వరమునకును తూత్తుకుడికిని నడుమ ఇరువదియొక్క ద్వీపములుండెడివి. సున్నమునకును కట్టడములకును ఏండ్ల తరబడి అచ్చటి పగడపురాతిని త్రవ్వుకొనిపోయిరి. దిబ్బ పోయినది, కెరటమునకు అడ్డులేకపోయినది, రెండు ద్వీపములు నీట మునిగినవి. 1986లో దానిని జాతీయోద్యానము చేసి, ద్వీపములపై కాలుమోపుటను నిషేధించినారు గాని, మునిగినవి లేచి రాలేదు.

నియమముచేత బాగుపడినదానికి పరదేశములు సాక్ష్యము. సయాము దేశమందలి మాయాబే యను తీరము ఒక చలనచిత్రమువలన ప్రసిద్ధికెక్కి దినమునకు వేలకొలది జనులు దిగుటచే పగడము లేని ఎడారియైనది. ఆ ప్రభుత్వము 2018 జూనులో దానిని మూసివైచి 2022 జనవరి వఱకు తెఱవలేదు. వర్తకులు మొఱపెట్టుకొన్నను వినలేదు. మూసియున్న కాలమున పగడపు మొక్కలు నాటిరి. చిన్న సొఱచేపలు మరలివచ్చినవి. హవాయి ద్వీపములందలి హనౌమాబే కడ, వచ్చినవారు మొదట ఒక చిన్న చిత్రమును చూచి, పగడమును త్రొక్కరాదని తెలిసికొన్న పిమ్మటనే నీటికి దిగవలయును. వారమునకు కొన్ని దినములు ఆ తీరమునకే విశ్రాంతి. దేవాలయమున కాళ్లు కడుగుకొనిన గాని లోనికి పోరాదను ఆచారము గల మనకు ఈ నియమము వింతగా తోచరాదు.

ఇచ్చట మాకు రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. పగడములను చంపుచున్నది సముద్రపు వేడి గాని యాత్రికుని కాలు కాదు గదా, ఒక్కని కాలివలన ఏమి వచ్చినది, అనునది మొదటిది. వేడి నిజమే. వేసవిలో మామూలుగా నుండు హెచ్చు వేడిమికంటె ఒక్క డిగ్రీ మించి కొన్ని వారములు నిలిచిన యెడల, పగడము తనలోని నాచును వెడలగొట్టి ఎముకవలె తెల్లబడును. 1998, 2010, 2016 సంవత్సరములలో మన ద్వీపములలో ఇట్టి అనర్థము జరిగినది. 2024 ఏప్రిలులో శాస్త్రజ్ఞులు ఇది ప్రపంచమంతటను నాలుగవ పర్యాయము సంభవించినదని ప్రకటించిరి. లక్షద్వీపములు అప్పుడును తప్పించుకొనలేదు. అయితే తెల్లబడినంతనే పగడము చచ్చినదని కాదు. వేడి తగ్గి, నీరు శుభ్రముగా నుండి, దెబ్బలు తగులకున్న యెడల నాచు మరల చేరి అది కోలుకొనవచ్చును. జ్వరపడి లేచుచున్నవానిపై నడచిపోయి, వాడు జ్వరముచేతనే చచ్చెనని వాదించుట ఏ న్యాయస్థానమునను చెల్లదు. వేడిని తగ్గించుట మన యొక్కరి చేతిలో లేదు. కాలిని ఎత్తిపట్టుకొనుట మన చేతిలోనే యున్నది.

రెండవ ఆక్షేపణ దీనికంటె బరువైనది. నియమములు హెచ్చించిన పడవవాని పొట్టమీద కొట్టినట్లు గాదా, ఆ పడవవాడు మన తెలుగువాడే గదా, యందురు. ఈ మాటను మేము తేలికగా త్రోసివేయము. ఎవ్వని కూడునకును లెక్కలేని నియమము నియమము కాదు. కాని యోచింపుడు. పగడము చచ్చిన తీరమునకు యాత్రికుడు రాడు, చేప నిలువదు. అప్పుడు పడవవానికి రెండు జీవనములును పోవును. గొడ్డును పాలకై పెంచువాడు దూడకు కొంత విడుచును. ఒక పడవలో ఇరువురిని ఎక్కువ కూర్చుండబెట్టి తక్కువ కూలికి మూడు పర్యాయములు త్రిప్పుటకంటె, తక్కువ మందిని నిదానముగా త్రిప్పి తగిన కూలి పుచ్చుకొనుట వానికిని మేలు. కూలి కొఱకు గీచి గీచి బేరమాడువారు మనమే. వాని తొందరకు కారణము సగము మన బేరమే.

బేరము మాట వచ్చినది గనుక ప్రాణము మాటయు చెప్పవలయును. 2014 జనవరి 26న పోర్టుబ్లెయిరు సమీపమున ఒక యాత్రికుల పడవ మునిగి ఇరువదిమందికి పైగా చనిపోయిరి. పరిమితికి మించి జనము నెక్కించుకొన్నారు. మనమేమియు మెఱుగు కాదు. 2017 నవంబరు 12న మన కృష్ణలోనే, విజయవాడ ఎగువను పవిత్రసంగమము కడ, పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా పోయిరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు కడ గోదావరి నలుబదిమందికి పైగా పొట్టన బెట్టుకొన్నది. లైఫ్‌జాకెట్టు తొడుగుకొనుమన్న ఉక్కపోయుచున్నదనియు, ఫోటోకు బాగుండదనియు విప్పివైచువారిని మనము ఇప్పటికిని చూచుచున్నాము. లైఫ్‌జాకెట్టు లేని పడవ ఎంత చౌకయైనను ఎక్కరాదు. కూర్చుండు చోటు లేకున్న దిగిపోవలయును. ఎఱ్ఱజెండా యెగురుచున్న తీరమున, ఎవ్వరును కావలిలేని కయ్యలలో నీటికి దిగరాదు. అండమానులలో ఉప్పునీటి మొసళ్లు కలవు. 2010లో హావలాకు ద్వీపమందు స్నార్కెలింగు చేయుచున్న ఒక విదేశీయురాలు మొసలి వాతబడి మరణించినది. మొసలి కలదని వ్రాసిన పలకను చూచి నవ్వువారు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.

దిగువాడు పాటింపవలసిన పద్ధతులు కొద్దియే. ముసుగును కట్టు లేకుండ ముఖమున కానించి ముక్కుతో గాలి పీల్చిన యెడల అది అంటుకొని నిలువవలయును. నిలువకున్న నీరు చొచ్చును. మీసములు దట్టముగా గలవారికి ఈ చిక్కు తప్పదు. మొదట మొలబంటి నీటిలో నిలిచి, ముఖము ముంచి, నోటితో నెమ్మదిగా ఊపిరి తీయుట నేర్వవలయును. తొందరపడి ఊపిరి తీసినవాడు త్వరగా అలసి బెదరును. గుండెజబ్బు గలవారు వైద్యు నడిగి గాని దిగరాదు. ఒంటరిగా దిగరాదు. ఉదయమున గాలి లేచుటకు ముందు నీరు తేటగా నుండును. మిక్కిలి నీరు తీసినపుడు దిబ్బలపై ఈదరాదు; కాలిరెక్కలు పగడమునకు తగులును. అలసినపుడు వెల్లకిల తేలవలెను గాని పగడముపై నిలువరాదు. చేపలకు రొట్టెముక్కలు వేయరాదు. ఎండకు పూయు మందులలో కొన్ని పగడమునకు విషములు; హవాయిలో అట్టివానిలో రెండింటిని అమ్మరాదని 2018లో శాసించి, 2021 మొదటినుండి అమలుపఱచిరి. నిండు చేతుల చొక్కా తొడుగుకొన్న ఏ మందును అక్కఱలేదు.

ఇంకొక మాట వకీళ్లముగా చెప్పుచున్నాము. దిబ్బకట్టు పగడములు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షింపబడినవి. ఒడ్డున పడియున్న చచ్చిన ముక్కయే గదా యని పూజామందిరములో పెట్టుకొనుటకు పెట్టెలో వేసికొనుట నేరము. చట్టము తెలియదనుట సమాధానము కాదు.

ఇప్పుడు తిరిగి దివిసీమకు వత్తము. మన తీరమును కూడ అండమానువలె, గోవావలె చేయవలెననియు, నీటియాటల కేంద్రములను వరుసగా కట్టవలెననియు కోరువారు మనలో లేకపోలేదు. వారి యుత్సాహమును మేము గౌరవింతుము. కాని అండమానునకు పగడపు దిబ్బ యెట్టిదో దివిసీమకు మడ అడవి అట్టిది. అది కెరటమును ముందుగా తన యొడలిపై తీసికొని వెనుకనున్న ఊరిని కాచును. 1977 నవంబరు 19నాటి ఉప్పెనలో దివిసీమ ఎన్ని వేల ప్రాణములను పోగొట్టుకొన్నదో ఈ పత్రికను చదువువారికి చెప్పనక్కఱలేదు. ఆ దినమున ఎవ్వరినో ఒకరిని కోల్పోని యిల్లు ఈ సీమలో అరుదు. ఆ మడలను నఱికి రొయ్యలచెఱువులు కొన్ని చేసితిమి. మిగిలినదానిని నఱికి విడిదిగృహములు చేయుట తగునా? కృష్ణ తెచ్చు మట్టియు ఎగువ ఆనకట్టలలో చాలవఱకు నిలిచిపోవుచున్నది. నేల కట్టు పనివాని చేతులే బలహీనమగుచున్నవి. ఇట్టి వేళ మడయే మన ఆస్తి.

మడను చూచుటకు ముసుగుతో పనిలేదు. నాగాయలంక రేవున చిన్న పడవనెక్కి కాలువల వెంట నిదానముగా పోయిన, ఊపిరివేళ్లు బురదలోనుండి శూలములవలె లేచియుండుటను, బురదపై నడచు చేపలను, ఎఱ్ఱపీతలను, అదృష్టమున్న బావురుపిల్లి అడుగుజాడలను చూడవచ్చును. 1989లో ఏర్పఱచిన కృష్ణా అభయారణ్యము అట్టి జీవులకు నెలవు. శీతకాలము ముగియునపుడు సముద్రపు తాబేళ్లు మన యిసుకపై గ్రుడ్లు పెట్టిపోవును. అండమానునకు పోయి పగడమును చూచి అబ్బురపడినవాడు, మఱునాడు మన యింటి తాబేలు గ్రుడ్లను కుక్కలపాలు కానిచ్చిన యెడల, వాడు చూచినది రంగులే గాని జీవము కాదు.

కావున మేము మన పఠనమందిరములవారికొక మనవి చేయుచున్నాము. ప్రతి సంవత్సరమును ద్వీపములకు పోయివచ్చినవారిని ఒక సాయంకాలము పిలిచి, చూచినదానిని, ఖర్చును, ప్రమాదములను, నియమములను నలుగురికి చెప్పింపుడు. పోదలచినవారికి అది హోటలువాని పత్రమునకంటె మేలు చేయును. రెండవది, పిల్లలకు ఈత నేర్పింపుడు. చుట్టును నీరు, కాలువలు, రెండు నదీపాయలు, ఎదుట సముద్రము గల సీమలో చదువుకొన్నవారి బిడ్డలు ఈత రాక పెరుగుట సిగ్గుచేటు. బెస్తపాలెములలో అయిదేండ్ల పిల్లవానికి వచ్చిన విద్య పట్టణమున పట్టభద్రునికి రాదు. ఆ పాలెముల పెద్దలనే గురువులుగా పిలిచి, తగిన జీతమిచ్చి, కావలియున్న సురక్షితమైన నీటిలో వేసవి తరగతులు పెట్టవచ్చును. ఈత వచ్చినవానికే నీటిలోని అందము కానవచ్చును. రానివానికి భయమే కానవచ్చును.

1943 డిసెంబరు 30న పోర్టుబ్లెయిరులో నేతాజీ మువ్వన్నెల జెండా నెత్తి, ఆ ద్వీపములకు షహీద్, స్వరాజ్ అను పేర్లు తలపెట్టెను. డెబ్బదియైదేండ్లకు, 2018లో అదే తేదీని, ఆ పేర్లు రెండు చిన్న ద్వీపములకు కుదిరినవి. మనవారు స్నార్కెలింగునకై ఎక్కువగా పోవునది స్వరాజ్ ద్వీపమునకే. స్వరాజ్యమనగా ఒరులు మనలను ఏలకుండుట మాత్రమే కాదనియు, మనలను మనము ఏలుకొనుట యనియు పెద్దలు బోధించిరి. చూచువాడెవ్వడును లేని నీటి అడుగున, తన చేయి తాకకుండ, తన కాలు త్రొక్కకుండ నిలుపుకొనగలిగినవాడు ఆ ద్వీపమున దిగుటకు అర్హుడు. అట్టివారు పదిమంది పోయిన తీరమే మన బిడ్డలకు చూపదగిన ఉత్తమ తీరము.